లోజ్బాన్ పాఠం 4: ఒంగోలు లేచి నెల్లూరు పోతే

పోయిన పాఠం చివర, తర్కం పునాదిగా కల్పించిన భాష లోజ్బాన్‌లోకి మార్చమని ఒక్క వాక్యమే ఇచ్చాను: "ఒంగోలు నుంచి నెల్లూరు పోతన్నా." ఎక్కువమంది పంపిన జవాబు ఇది:

లా ఒంగోల్ లా నెలూర్ షు క్లామా

'లా' పేరుకు ముందు వచ్చే గుర్తు, 'షు' ఇక క్రియ వస్తోందని చెప్పే గుర్తు, 'క్లామా' అంటే పోవడం. ఒంగోలు ఊరు ఊరంతా, గిత్తలతో సహా, లేచి నెల్లూరు పోతోందని దీనికి అర్థం. అందుకని ఈ వారం చెప్పాల్సిన కొత్త పాఠం పక్కన పెట్టేశాను.

పేర్లు మాత్రం బాగా మలిచారు. లోజ్బాన్‌లో ఒకే హల్లు జంటగా రాదు, ఊరి పేరు హల్లుతోనే ముగియాలి. అందుకే నెల్లూరు 'నెలూర్' అయింది. క్రియ చివర పెట్టడమూ తప్పు కాదు, ఈ భాష దానికి ఒప్పుకుంటుంది.

తప్పల్లా 'నేను' మింగేయడంలో ఉంది. తెలుగులో 'పోతన్నా' అంటే చాలు, పోయేది ఎవరో క్రియే చెబుతుంది. క్లామా అలా మారదు. నేను పోయినా, మీరు పోయినా, ఆవు పోయినా క్లామానే. ప్రతి క్రియకూ వరసగా కొన్ని స్థానాలుంటాయి, వాటినే గదులంటున్నాను. క్రియకు ముందు మొదట ఎవరు నిలబడితే వాళ్లే మొదటి గదిలో కూర్చుంటారు. మీరు 'నేను' అనలేదు, కాబట్టి ఆ గది ఒంగోలుకు దక్కింది. 'చేపలు తిన్నా' అనబోయి "లొ ఫిన్పె షు షిత్కా" అని రాసినాయన పులుసులో చేప ఏదో తింటోంది. 'నీతో మాట్లాడాలి' అనుకుంటూ "దొ తవ్లా" అంటే మాట్లాడేది మీరు కాదు, ఎదుటివాళ్లు. మొదటి పాఠం నుంచీ ఇదే మాట చెబుతున్నాను!

విరుగుళ్లు రెండు. 'మి' అని నోరు తెరిచి అనండి: "మి లా నెలూర్ లా ఒంగోల్ షు క్లామా." అదీ రాకపోతే క్రియను ముందుకు లాగండి: "క్లామా లా నెలూర్ లా ఒంగోల్." అప్పుడు మొదటి గది ఖాళీగా ఉంటుంది, ఊళ్లు రెండు, మూడు గదుల్లోకి పోతాయి. పోయేదెవరో సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. నాకు మొదటిదే ఇష్టం.

ఫా, ఫె, ఫి, ఫొ, ఫు అని గది నంబరు చెప్పే గుర్తులూ ఉన్నాయి. "ఫె లా నెలూర్ ఫి లా ఒంగోల్ షు క్లామా" అంటే అచ్చం మన విభక్తుల్లాగే, కాకపోతే పేరుకు ముందు వస్తాయి. మాటల్లో నేను వీటిని ముట్టను. ఇవి అలవాటైతే గదులు నోటికి రావు.

ఇంకోటి. రెండో గది అంటే ఎప్పుడూ 'ని' కాదు. దున్దాకు (ఇవ్వడం) రెండోది 'ని', మూడోది 'కి'. క్లామాకు రెండోది 'కి', మూడోది 'నుంచి'. తవ్లాకు రెండోది 'తో', మూడోది 'గురించి', నాలుగోది ఏ భాషలో అన్నది. 1,300 పైచిలుకు మూలపదాలకు ఇలా దేని వరస దానిది. చిన్నప్పుడు డు-ము-వు-లు వల్లించినట్టే క్లామా అనగానే "ఎవరు, ఎక్కడికి, ఎక్కణ్ణుంచి, ఏ దారిన, దేంట్లో" అని పాడుకోండి. వేళ్ల మీద గదులు లెక్కపెట్టేవాళ్లకు ధారాళంగా మాట రాదు. అన్ని పదాలకూ మొదటి మూడు గదులు నోటికి వస్తే రోజువారీ కబుర్లు సాగిపోతాయి.

అభ్యాసం: ఒంగోలులో పినాకిని ఎక్కండి. నెల్లూరులో దిగేలోపు పక్క సీటువాళ్ల మాటల్లో 'నేను', 'నువ్వు' మింగేసిన వాక్యాలు 30 పట్టుకుని, కాగితం లేకుండా, మొదటి గది నింపి లోలోపలే లోజ్బాన్‌లో చెప్పుకోండి. 'నువ్వు'కీ 'మీరు'కీ అదే 'దొ', మర్యాద గురించి బెంగ వద్దు. సరిగ్గా వచ్చినవి నాకు పంపకండి, నోరు తడబడ్డవే పంపండి. రైలెక్కే పని లేనివాళ్లు దీన్నొక్కదాన్నీ తెలుగులోకి మార్చండి, ఊళ్లను మాత్రం కదపకుండా: "మి క్లామా లా నెలూర్ లా ఒంగోల్ లా కవలిస్ లొ త్రెనె."