ఇంట్లో షుగర్ టెస్ట్‌కు ముందు జాగ్రత్తలు

గ్లూకోమీటర్ తీసే ముందు చేతులు సబ్బుతో కడిగి, పొడిగా తుడుచుకోండి. అన్నిటికంటే ముఖ్యం ఇదే. మామిడిపండు కోసిన చేత్తో వేలు గుచ్చుకుంటే, అంటుకున్న రసం వల్లే అంకె ఎక్కువ చూపిస్తుంది. లేనిపోని టెన్షన్!

• స్ట్రిప్పుల డబ్బా మీద ఎక్స్‌పైరీ తేదీ చూడండి. ఒకటి తీయగానే మూత బిగించాలి, తేమ తగిలితే పాడవుతాయి.

• సూది కొత్తదే వాడండి. భార్యాభర్తలైనా సరే, ఒకరి సూది ఇంకొకరికి వద్దు.

• వేలి కొన మధ్యలో కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ.

• పరగడుపు టెస్ట్‌కు కనీసం 8 గంటలు ఏమీ తినకూడదు. కాఫీ, టీ కూడా వద్దు, మంచినీళ్లు తాగొచ్చు. తిన్నాక చేసే టెస్ట్‌కు 2 గంటలను మొదటి ముద్ద నుంచే లెక్కపెట్టాలి.

• పుస్తకం, పెన్ను పక్కనే ఉంచుకోండి. అంకెతో పాటు ‘రెండు ఇడ్లీలు, పల్లీ చట్నీ’ అని తిన్నది కూడా రాయండి. పెసరట్టుకీ ఉప్మాకీ మీ ఒంట్లో తేడా ఎంతో అప్పుడే తెలుస్తుంది. టెస్ట్ ఉందని ఆ ఒక్కరోజు అన్నం తగ్గించకండి, దయచేసి. డాక్టర్‌కు అసలు సంగతి తెలియాలి కదా.

• గ్లూకోజ్ పొడి అందుబాటులో ఉండాలి. 70 కంటే తక్కువ వస్తే వెంటనే 15 గ్రాములు నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోండి.