ఇంగ్లండు దాటాక బిట్టర్ దొరకాలంటే

షెఫీల్డ్‌లో చదువుకున్న ఏడాదిన్నరలో అబ్బిన అలవాట్లలో నాకు రెండే మిగిలాయి. ఒకటి, వాన పడుతున్నా గొడుగు లేకుండా నడవడం. రెండోది బిట్టర్ అనే ఇంగ్లిష్ బీరు. సియాటిల్‌కు మారాక మొదటి అలవాటు హాయిగా సాగిపోయింది, ఇక్కడా అదే వాన. రెండోదాని కోసం దాదాపు నాలుగేళ్లు తిరిగాను. డబ్బు, సమయం తగలేసి నేర్చుకున్న సంగతులివి. ఇంగ్లండులో కొన్నాళ్లు ఉండి అమెరికాకు వచ్చిన మనవాళ్లకు ఎక్కువగా పనికొస్తాయి, తక్కినవారికి కొంతవరకు.

పేరు చూసి బెదరకండి. అప్పట్లో అందరూ తాగే మైల్డ్ అనే బీరు కన్నా హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) ఎక్కువ వేసిన బీరును వేరుగా చెప్పడానికి 19వ శతాబ్దపు తాగుబోతులు బిట్టర్ అన్నారు, అంతే. హాప్స్ దట్టించిన ఇప్పటి అమెరికన్ ఐపీఏ బీరు ముందు దాని చేదు ఏపాటిది? కాకరకాయ వేపుడు తిని, ఉగాదికి వేపపువ్వు నమిలి పెరిగిన నాలుకకు అది లెక్కలోకే రాదు. రాగి రంగు, కాల్చిన బిస్కెట్టు వాసన, మింగాక నాలుక వెనక కాసేపు నిలిచే పొడి చేదు. బలం కూడా తక్కువే: మామూలు బిట్టర్ 3.5 శాతం చుట్టుపక్కల, బెస్ట్ బిట్టర్ 4 దాటి, అంతకుపైన ఉన్నవి ఈఎస్‌బీ, అంటే ఎక్స్‌ట్రా స్పెషల్ బిట్టర్. ఈ మూడో పేరుతో కొంచెం తికమక ఉంది. ఇంగ్లండులో ఈఎస్‌బీ అంటే లండన్‌లోని ఫుల్లర్స్ 1971లో తెచ్చిన ఒకానొక బీరు. అమెరికాలో అదే ఒక రకానికి పేరైపోయింది. మా సియాటిల్ వాళ్ల రెడ్‌హుక్ 1987లో ఆ పేరుతో బీరు తేవడం అందుకు బాగా తోడ్పడింది.

అసలు చిక్కు రుచితో కాదు, ప్రాణంతో. దీన్ని ఇంగ్లిషువాళ్లకన్నా మనవాళ్లకు చెప్పడమే తేలిక, ఎందుకంటే మనకు కల్లు తెలుసు. పొద్దున చెట్టు దించిన కల్లుకూ సాయంత్రం లొట్టి అడుగున మిగిలిన కల్లుకూ ఎంత తేడానో పీపా బిట్టర్‌కూ అంతే. అది పబ్బు నేలమాళిగలో, పీపాలోనే రెండోసారి పులుస్తుంది. సిలిండరు గ్యాసుతో తోయరు. 11 నుంచి 13 డిగ్రీల చల్లదనంలో ఉంచి, బోరింగు కొట్టినట్టు చేతిపంపుతో పైకి లాగుతారు. లాగిన ప్రతి గ్లాసుకూ బదులుగా పీపాలోకి గాలి చేరుతుంది. మూడు రోజులు దాటితే పులుపు మొదలు. ఫర్కిన్ అనే మామూలు పీపాలో 9 గ్యాలన్లు, అంటే దాదాపు 41 లీటర్లు, 72 పైంట్లు పడతాయి. మూడు రోజుల్లో 72 పైంట్లు అమ్మగలిగితేనే పబ్బువాడు బతుకుతాడు. షెఫీల్డ్‌లో అది ఒక సాయంత్రం పని. ఇక్కడ ఐపీఏ తాగే జనం మధ్య ఎవరు కొంటారు? చేతిపంపులు అరుదుగా ఉండటానికి అసలు కారణం ఇదే.

అందుకని వెతకాల్సింది ఫలానా పేరున్న సీసా కోసం కాదు, చేతిపంపు కోసం. నేను వచ్చిన కొత్తలో సియాటిల్ జార్జ్‌టౌన్ పేటలోని పాత బ్రూవరీ భవనంలో మెషిన్ హౌస్ అనే చిన్న సంస్థ వరసగా పంపులు పెట్టి ఇంగ్లిష్ పద్ధతిలో పోసేది. అక్కడ తాగిన మొదటి గ్లాసుతో నాకు ఒక విషయం అర్థమైంది: పక్క వీధిలో కాచి తాజాగా పోసిన బిట్టర్ ముందు, ఓడలో మూడు నెలలు ప్రయాణించి వచ్చిన గొప్పింటి బిట్టర్ దిగదుడుపే. మీ ఊళ్లో ఇలాంటిది ఉందో లేదో తెలుసుకోవడానికి బ్రూవరీల జాబితాలు చదవడం కన్నా, ఇంట్లో బీరు కాచుకునేవారికి సామాన్లు అమ్మే దుకాణానికి వెళ్లి అడగడం మేలు. ఊళ్లో ఎక్కడ చేతిపంపు ఉందో ఆ కౌంటరు వెనక మనిషికి తప్పకుండా తెలుస్తుంది.

పంపు కనబడగానే సంబరపడకండి. ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఈ పీపా ఎప్పుడు తెరిచారు? నేను ఒక సోమవారం అడగకుండా తీసుకున్నాను. గురువారం తెరిచారట. ఆవకాయ జాడీ కడిగిన నీళ్లు గుర్తొచ్చాయి. అప్పటినుంచి గురువారమో శుక్రవారమో తప్ప వెళ్లను. రుచికి కొద్దిగా పోయమని అడగడంలో సిగ్గుపడాల్సింది లేదు, ఇక్కడ అందరూ అడుగుతారు. ఇంకో హెచ్చరిక: అమెరికన్ బ్రూవరీలు పీపా రోజు అని పెట్టి అందులో వెనిల్లా, కాఫీ గింజలు, మామిడిపండు ముక్కలు వేస్తుంటాయి. పీపా ఒకటే ఇంగ్లిషు, లోపలున్నది పాయసం.

ఇక ఇంగ్లిష్ పబ్బు అని బోర్డు పెట్టుకునే చోట్లు. గోడ మీద జెండా, మూలన ఎర్ర టెలిఫోను పెట్టె, టీవీలో ఫుట్‌బాల్, గ్లాసులో మాత్రం మూడు డిగ్రీల మంచునీళ్లు. అలాంటి ఒక చోట నేను గొడవపడబోయి, మా ఆవిడ కాలు తొక్కడంతో ఊరుకున్నాను. గొడవ దేనికి? గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని కూర్చోండి, చేపముక్కలు వచ్చేసరికి బీరు మనుషుల్లో పడుతుంది. గ్లాసు కొలత కూడా చూసుకోండి. ఇంగ్లండు పైంటు 568 మిల్లీలీటర్లు, అమెరికన్ పైంటు 473. అడిగినంత ధరకు వచ్చేది చిన్నదే.

బీర్ల పట్టికలో బిట్టర్ అనే మాట కనబడటం తక్కువ. చేదు అని రాస్తే ఎవరు కొంటారని వాళ్ల భయం. ఇంగ్లిష్ పేల్ ఏల్ అనో, ఈఎస్‌బీ అనో ఉంటుంది. అంబర్ అని ఉంటే ఆగండి, రంగు అదే అయినా చాలాసార్లు లోపల నారింజ తొక్కల వాసన వేసే అమెరికన్ హాప్స్ ఉంటాయి. నేను పేరు కన్నా ముందు దినుసులు చదువుతాను. ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్, ఫగుల్, చాలెంజర్ అనే హాప్స్, మారిస్ ఆటర్ అనే బార్లీ ఉంటే కూర్చుంటాను. సిట్రా, మొజాయిక్ అనే అమెరికన్ హాప్స్ ఉంటే లేస్తాను. అవి చెడ్డవని కాదు, ఆ రోజు నేను వాటి కోసం రాలేదు.

పంపులు లేని ఊళ్లో సీసాలే గతి. ముందు తేదీ చూడండి, అక్కడే ఇంగ్లండుకూ అమెరికాకూ పేచీ. ఇంగ్లిష్ సీసా మీద 05/11 అని ఉంటే మనలాగే నవంబరు 5 అని అర్థం. ఇక్కడి దుకాణదారు దాన్ని మే 11 అనుకుని మంచి సరుకును సగం ధరకు పెట్టడం చూశాను, గడువు దాటినదాన్ని పూర్తి ధరకు అమ్మడమూ చూశాను. మొదటిది జరిగినప్పుడు నేనేమీ మాట్లాడలేదని ఒప్పుకుంటున్నాను.

తర్వాత వెలుతురు. హాప్స్ చేదుకు ఎండ గానీ ట్యూబులైటు గానీ తగిలితే స్కంక్ కంపు పుడుతుంది. అది మన దగ్గర లేని జంతువు. రాత్రిపూట అడవి దారిలో కారు అద్దం దించితే ఒక్కసారిగా లోపలికొచ్చే ఆ ఘాటు వాసన అమెరికాలో ఉన్నవారికి తెలుసు. గోధుమరంగు సీసా కొంత కాపాడుతుంది, తెల్లగాజు సీసా అసలు కాపాడదు. యార్క్‌షైర్‌లోని టాడ్‌కాస్టర్ నుంచి వచ్చే శామ్యూల్ స్మిత్ సీసాలు తెల్లగాజువి, లోపలున్నది నాకెంతో ఇష్టమైన బీరు. అందుకే అరల్లో మెరుస్తున్న సీసా ముట్టుకోను. వెనక అట్టపెట్టె విప్పి ఇవ్వమంటాను. విసుక్కుంటారు గానీ ఇస్తారు.

ఇంటికి తెచ్చాక చేయాల్సిందే ముఖ్యం. ఫ్రిజ్‌లోంచి తీసి ముప్పావు గంట బల్ల మీద ఉంచండి. పెరుగు తోడు వేయడానికి మా ఆవిడ కొన్న థర్మామీటరుతో నేను కొలుస్తాను, 12 డిగ్రీలు వచ్చాక మూత తీస్తాను. సీసా బీరులో గ్యాసు పీపా బీరుకన్నా రెట్టింపు ఉంటుంది, ఆ పొంగు నాలుకను పొడిచి మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) రుచిని మింగేస్తుంది. దానికి మన విద్య ఉంది: కాఫీ తిరగబోసినట్టు ఒకసారి స్టీలు చెంబులోకి ఎత్తునుంచి పోసి, అక్కడినుంచి గ్లాసులోకి వంచండి. ఇంగ్లిషు మిత్రుడొకడు మొదటిసారి ఇది చూసి మొహం తిప్పుకున్నాడు, తాగాక చెంబు ఎక్కడ కొన్నావని అడిగాడు. సీసా అడుగున ఈస్టు మడ్డి ఉంటే మాత్రం తిరగబోయకండి. నిదానంగా వంచి, చివరి అంగుళం వదిలేయండి. లోపల నైట్రోజన్ బంతి ఉన్న డబ్బాలు కూడా దొరుకుతాయి. మీగడలాంటి నురగ వస్తుంది, హాప్స్ వాసన నిద్రపోతుంది. ఏమీ దొరకని రోజుకు అవి.

శాకాహారులకు ఒక మాట. పీపా బీరు తేటపడటానికి ఐసింగ్లాస్ వేసే ఆచారం ఉంది, అది చేపల గాలితిత్తి నుంచి తీసిన పదార్థం. ఈ సంగతి తెలియక ఆరు నెలలు తాగిన నా గదిసహచరుడు ఒకడు, తెలిశాక ఆరు రోజులు నాతో మాట్లాడలేదు. తేటపరచని బీరు ఉందా అని అడగండి. శామ్యూల్ స్మిత్ సీసాల్లో చాలావాటికి ఆ పేచీ లేదు.

పక్కన ఏం తినాలి? మిరపకాయ బజ్జీ వద్దు, హాప్స్ చేదు కారాన్ని ఇంకా రేపుతుంది, రెండూ పాడవుతాయి. వేయించిన వేరుశెనక్కాయలు, జంతికలు, కారం తగ్గించిన ఉల్లిపాయ పకోడీ బాగా కుదురుతాయి. నా అనుభవంలో అన్నిటికన్నా బాగా కుదిరింది వేడి పెసరట్టు, అల్లప్పచ్చడి లేకుండా. అల్లప్పచ్చడి లేని పెసరట్టేమిటని అడిగేవారికి నా దగ్గర జవాబు లేదు.

సెలవుల్లో ఇండియాకు వెళ్లినప్పుడు బిట్టర్ కోసం పట్టుబట్టకండి. మన నగరాల మైక్రోబ్రూవరీల్లో గోధుమ బీర్లదే రాజ్యం. బెంగళూరు టోయిట్‌లో నేను ఐరిష్ రెడ్ అడిగి, పావుగంట ఆగి తాగాను. బిట్టర్‌కు అది పినతల్లి కొడుకు, పోలికలు కనబడతాయి.

ఇవేవీ కుదరకపోతే కాచుకోవడమే. అమెరికాలో 1978 నాటి చట్టంతో ఇంటి అవసరానికి కాచుకునే వీలు వచ్చింది. మన దేశంలో లైసెన్సు లేకుండా కాస్తే నేరం, కాబట్టి ఈ భాగం అక్కడివారికి కాదు. 19 లీటర్లకు నా లెక్క ఇది: మారిస్ ఆటర్ మాల్టు మూడు కిలోల ఆరు వందల గ్రాములు, క్రిస్టల్ మాల్టు పావు కిలో. రెండూ మరపట్టించి 67 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు నానబెట్టి, వడకట్టిన నీళ్లను గంటసేపు మరిగించాలి. మరుగు మొదలవగానే గోల్డింగ్స్ 45 గ్రాములు, దించడానికి పది నిమిషాల ముందు 20 గ్రాములు. మా నీళ్లు మరీ మెత్తన, అందుకని ఒక చెంచా జిప్సం కలుపుతాను. ఇంగ్లండులోని బర్టన్ ఊరి బావుల్లో సహజంగా ఉన్నది అదే, ఆ ఊరి బీరుకు పేరు రావడానికి కారణమూ అదే. చల్లార్చి, ఇంగ్లిష్ ఈస్టు వేసి, 19 డిగ్రీల దగ్గర పది రోజులు వదిలేయండి. పొంగు పూర్తిగా ఆగిందని హైడ్రోమీటరుతో (ద్రవం సాంద్రత కొలిచే గొట్టం) చూసుకున్నాకే సీసాల్లో పోయండి, లేకపోతే సీసాలు పగులుతాయి. సీసాల్లో గ్యాసు పుట్టడానికి అన్నిటికీ కలిపి 60 గ్రాముల చక్కెర చాలు. దుకాణాలవాళ్లు చెప్పినట్టు 120 వేస్తే చెంబు మళ్లీ తీయాల్సి వస్తుంది.

రెండు వారాలకు తాగొచ్చు, రెండు నెలల్లో ముగించాలి. మా గరాజు నవంబరులో సరిగ్గా 12 డిగ్రీలు ఉంటుంది, ఫ్రిజ్ కూడా అక్కర్లేదు. అక్టోబరులో కాచినది సంక్రాంతికి మిగిల్చాలని ప్రతి ఏడూ అనుకుంటాను. పోయినసారి క్రిస్మస్ నాటికి రెండు సీసాలు మిగిలాయి, అవీ మా బావమరిది చూడని అరలో ఉండబట్టే.