టాకోమీటర్ ముల్లు కదలనప్పుడు: డ్యాష్‌బోర్డు విప్పే ముందు జాగ్రత్తలు

ఇంజను నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందో చూపే టాకోమీటర్‌లో ముల్లు కదలనంత మాత్రాన మీటరే పాడైందని నిర్ణయించుకోకుండా, ముందుగా ఫ్యూజును పరీక్షించి, స్పీడోమీటరు, పెట్రోలు మీటరు కూడా ఆగిపోయాయేమో గమనించండి. అన్నీ ఆగిపోతే లోపం చాలావరకు కరెంటు సరఫరాలోనో ఎర్తింగులోనో ఉంటుంది.

విప్పక తప్పదనుకుంటే ఇగ్నిషన్ ఆపి, తాళంచెవి తీసి, బ్యాటరీ నెగటివ్ తీగను విడదీయండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే, ఆ తరువాత మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగి తీరాలి. దీనిలో తొందరపాటు ప్రాణాల మీదికి తెస్తుంది. కనెక్టరును తీగలు పట్టుకుని లాగకుండా, దాని లాక్‌ను బొటనవేలితో నొక్కి వదులు చేయండి.

టాకోమీటర్ ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్గులకు అధిక వోల్టేజి పుట్టించే తీగచుట్ట) నెగటివ్ కొస నుంచి సంకేతం అందుకునే పాత పెట్రోలు కార్లలో, ఇంజను తిరుగుతున్నప్పుడు ఆ కొస వద్దనే వందల వోల్టులు, ప్లగ్గు తీగలలో వేల వోల్టులు పుడతాయి కాబట్టి, వాటిని ఒట్టి చేతులతో తాకకూడదు. ఈసీయూ (ఇంజనును నియంత్రించే కంప్యూటరు) ద్వారా సంకేతం వచ్చే కొత్త కార్లలో టెస్ట్ ల్యాంపు బదులు డిజిటల్ మల్టీమీటరునే వాడండి; ల్యాంపు లాగే కరెంటుకు ఈసీయూ దెబ్బతినవచ్చు.

ఇంజను నడిపి చూడవలసి వస్తే, బండిని గాలి బాగా ఆడేచోట నిలిపి, న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్‌బ్రేక్ వేయండి; వదులు దుస్తులు, జుట్టు ఫ్యానుకు, బెల్టుకు దూరంగా ఉండాలి.