‘రహస్యం’ ముద్ర లేని కాగితాలను ఆఫీసులో ఎలా కాపాడాలి?

మండల ఆఫీసులో ‘రహస్యం’ ముద్ర పడే ఫైళ్లు అరుదు. రోజూ చేతులు మారేవి పింఛను అర్జీలు, ఆధార్ జిరాక్సులు, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీలు, సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్లే. ముద్ర లేదు కదా అని వదిలేస్తే నష్టపోయేది అర్జీదారుడు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలతో రబ్బరు నకిలీలు చేసి, వేల సిమ్ కార్డులు యాక్టివేట్ చేసిన కేసు 2018లో తెలంగాణలోనే బయటపడింది.

ముందుగా అర్జీదారుల జాబితాలోని వివరాలను రెండుగా విడదీయండి. పేరు, ఊరు, అర్జీ నంబరు, మంజూరైందో లేదో నోటీసు బోర్డు మీద ఉండాలి. పారదర్శకతకు అవి చాలు. ఆధార్, ఖాతా, ఫోను నంబర్లు, వైకల్య వివరాలు ఆఫీసు ప్రతిలోనే ఉండాలి. ఆధార్ నంబరును బహిరంగంగా ప్రదర్శించడాన్ని 2016 ఆధార్ చట్టం 29వ సెక్షన్ నిషేధిస్తుంది. తప్పనిసరైతే చివరి 4 అంకెలే చూపండి.

ఎక్కువ తప్పులు జరిగేది ఎక్సెల్‌లో. కాలమ్‌ను ‘హైడ్’ చేసి పంపితే అవతలివాళ్లు ‘అన్‌హైడ్’ నొక్కగానే అంతా కనిపిస్తుంది. అందుకని కావలసిన కాలమ్‌లను మాత్రమే కొత్త ఫైలులోకి కాపీ చేసి, విలువలుగా పేస్ట్ చేసి, దాన్నే పీడీఎఫ్ చేయండి. పీడీఎఫ్ మీద నల్ల డబ్బా గీయడమూ ఇలాంటి పొరపాటే. కింద అక్షరాలు అలాగే ఉంటాయి. పంపేముందు కంట్రోల్–ఎఫ్ నొక్కి, మీకు తెలిసిన ఒక ఆధార్ నంబరు వెతకండి. నల్లగా ఉన్నచోటును కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి కూడా చూడండి. ఏది దొరికినా ఆ ఫైలు పంపకూడదు.

సమాచార హక్కు అర్జీ వస్తే కాగితం మొత్తం నిరాకరించడం సరికాదు. ఇవ్వకూడని భాగం తీసేసి మిగతాది ఇవ్వాలని 2005 చట్టం 10వ సెక్షన్ చెబుతోంది. జిరాక్సు మీద మార్కర్‌తో కొట్టేయండి. వెలుతురుకు పెడితే అంకెలు కనబడతాయి కాబట్టి, దాన్ని మళ్లీ జిరాక్సు తీసి ఆ రెండో ప్రతి ఇవ్వండి.

వాట్సాప్ గ్రూపులో జాబితా పెట్టొద్దు. అది అందరి సొంత ఫోన్లలోకీ చేరుతుంది, బదిలీ అయినవాళ్లు గ్రూపులోనే ఉండిపోతారు. ప్రభుత్వ మెయిల్‌లో పాస్‌వర్డ్ పెట్టిన ఫైలు పంపి, పాస్‌వర్డ్ ఫోనులో చెప్పండి. సీటు నుంచి లేచేటప్పుడు విండోస్–ఎల్ నొక్కి స్క్రీన్ లాక్ చేయండి. ప్రింటరు ట్రే ఖాళీ చేయండి. పాడైన ప్రింట్ల వెనక వైపు చిత్తుకు వాడకండి, ష్రెడ్డర్‌లో వేయండి.

అయినా బయటికి పొక్కితే ఏదీ చెరిపేయొద్దు. ఏ ఫైలు, ఎవరికి, ఎప్పుడు వెళ్లిందో రాసి వెంటనే పై అధికారికి చెప్పండి. కంప్యూటర్ల నుంచి డేటా లీకైన ఘటనను తెలిసిన 6 గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్–ఇన్‌కు నివేదించాలి, ప్రభుత్వ సంస్థలకూ ఇదే గడువు.