కరీంనగర్ గ్రానైట్ యూరప్‌కి పంపేటప్పుడు: ఈఎన్ ప్రమాణాన్ని కోతకు ముందే చదవండి

కరీంనగర్ చుట్టుపక్కల క్వారీల నుంచి టాన్ బ్రౌన్ రాయి బ్లాకులుగా వెళ్లిపోతున్నంత కాలం ఇంజనీరుకు యూరప్ ప్రమాణాలతో (వీటినే ఈఎన్ అంటారు) పెద్దగా పని పడదు. ముడి బ్లాకులకు ఈఎన్ 1467, ముడి స్లాబులకు ఈఎన్ 1468 ఉన్నాయి గానీ, వాటికి సీఈ మార్కు (యూరప్ చట్టం ప్రకారం ఉత్పత్తి మీద వేసే గుర్తు) అక్కర్లేదు. అదే రాయిని ఇక్కడే కోసి, పాలిష్ పట్టి, 600 మి.మీ. పలకలుగా పెట్టెల్లో సర్ది పంపితే సంగతి మారిపోతుంది. చట్టం దృష్టిలో అది నిర్మాణ ఉత్పత్తి. కూలీ, నైపుణ్యం, లాభం మన దగ్గర మిగిలేది ఈ రెండో పద్ధతిలోనే. అందుకే వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివి ఈ ఫ్యాక్టరీల్లో చేరేవాళ్లకు ఈ ప్రమాణాలు క్షుణ్ణంగా తెలిసి ఉండాలి. సరుకు కంటైనర్ ఎక్కాక ల్యాబ్ రిపోర్ట్ తెప్పించుకోవడంతో ఈ పని తీరదు.

ముందు ఈ ప్రమాణాలు ఎవరివో చూద్దాం. యూరప్‌లో ప్రమాణాలు రాసే సంస్థలు మూడు: 1961లో మొదలైన సెన్, విద్యుత్ పరికరాలకు సెనెలెక్, టెలికామ్‌కు ఎట్సీ. సెన్ ఒక ఈఎన్‌ను ఆమోదిస్తే, సభ్య దేశాలన్నీ దాన్ని తమ జాతీయ ప్రమాణంగా తీసుకోవాలి, దానికి విరుద్ధంగా ఉన్న పాత జాతీయ ప్రమాణాన్ని ఉపసంహరించుకోవాలి. కాబట్టి జర్మనీ బయ్యర్ డిన్ ఈఎన్ 12058 అన్నా, ఫ్రాన్స్ బయ్యర్ ఎన్ఎఫ్ ఈఎన్ 12058 అన్నా, సంవత్సరం ఒకటే అయితే అడుగుతున్నది ఒకే పాఠం. రెండుసార్లు పరీక్షలు చేయించి డబ్బు పోగొట్టుకోవద్దు. సెన్ నేరుగా కాపీలు అమ్మదు, జాతీయ సంస్థలే అమ్ముతాయి. ఇంగ్లిష్ పాఠం ఒకటే అయినా ధర ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. నాలుగు చోట్ల చూసి కొనండి.

ప్రమాణం వేరు, చట్టం వేరు. నిర్మాణ ఉత్పత్తులకు ఇన్నాళ్లూ ఉన్న చట్టం 305/2011. దాని స్థానంలో 2024/3110 వచ్చింది, అందులో ఎక్కువ భాగం 2026 జనవరి 8 నుంచి అమలు. పాతది ఒక్క రోజులో మాయమవదు, ఉత్పత్తి రకాల వారీగా మారుతూ పోతుంది. ఏ ప్రమాణాన్ని యూరోపియన్ యూనియన్ అధికారిక గెజిట్‌లో ప్రకటిస్తారో దాన్ని హార్మొనైజ్డ్ ప్రమాణం అంటారు, సీఈ మార్కు దాని ప్రకారమే వేయాలి. ఇక్కడ చాలామంది పొరబడేది సంవత్సరం దగ్గర. సెన్ కొత్త ఎడిషన్ వేసినంత మాత్రాన అది గెజిట్‌లోకి ఎక్కినట్టు కాదు. గెజిట్ జాబితాలో ఏ సంవత్సరం ఉంటే డిక్లరేషన్‌లో (తయారీదారు ఉత్పత్తి లక్షణాలు ప్రకటించే పత్రంలో) ఆ సంవత్సరమే రాయాలి. ఐర్లండ్‌లో ఒక భవనం నేల కింద వేసిన కంకరలో పైరైట్ అనే ఖనిజం ఉండి పగుళ్లు వచ్చిన కేసులో, హార్మొనైజ్డ్ ప్రమాణం యూరప్ చట్టంలో భాగమేనని 2016లో యూరోపియన్ న్యాయస్థానం తేల్చింది. కంకరకు వర్తించిన ఆ మాట పలకకూ వర్తిస్తుంది.

ప్రమాణం చేతికి రాగానే మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోవద్దు. ముందు పరిధి చూడండి, తర్వాత చివర ఉండే అనెక్స్ జెడ్‌ఏకి వెళ్లండి. చట్టానికి ఏ లక్షణాలు అవసరమో, ఏ క్లాజులో ఉన్నాయో, ఎవరు పరీక్షించాలో అక్కడి పట్టికల్లో ఉంటుంది. పరిధి ఎందుకు ముందంటే, రాయి ఒకటే అయినా వాడకాన్ని బట్టి ప్రమాణం మారుతుంది. 12 మి.మీ. వరకు మందం ఉన్న మాడ్యులర్ టైల్స్‌కు ఈఎన్ 12057. అంతకన్నా మందంగా నేలకు, మెట్లకు వాడేవాటికి ఈఎన్ 12058. గోడకు తొడిగే పలకలకు ఈఎన్ 1469. బయట ఫుట్‌పాత్‌లకు, రోడ్లకు వేసే పలకలకు ఈఎన్ 1341. పర్చేజ్ ఆర్డర్‌లో ‘20 మి.మీ. గ్రానైట్’ అని మాత్రమే ఉంటే పని మొదలుపెట్టకుండా ఎక్కడ వేస్తారో రాతపూర్వకంగా అడగండి.

ఇప్పుడు అసలైన పరీక్ష, వంపు బలం, అంటే వంచినప్పుడు విరగకుండా రాయి తట్టుకునే శక్తి. ఈఎన్ 12372 ప్రకారం కనీసం 10 నమూనాలు కావాలి. మందం 25 నుంచి 100 మి.మీ. మధ్య, రాతిలోని అతి పెద్ద గింజకు రెట్టింపు కన్నా ఎక్కువ ఉండాలి. టాన్ బ్రౌన్ లాంటి పెద్ద గింజ రాయికి ఇది మరచిపోకూడని షరతు. పొడవు మందానికి 6 రెట్లు, ఆధారాల మధ్య దూరం 5 రెట్లు. అంటే 50×50×300 మి.మీ. నమూనాకు ఆధారాల మధ్య 250 మి.మీ. నమూనాలను 70 డిగ్రీల దగ్గర బరువు నిలకడగా వచ్చేదాకా ఆరబెట్టి, సరిగ్గా మధ్యలో లోడ్ వేసి విరిగేదాకా పెంచుతారు. 4,700 న్యూటన్ల దగ్గర విరిగితే బలం 3×4700×250 ÷ (2×50×50×50), అంటే 14.1 మెగాపాస్కల్. ఈ లెక్కలో మందం వర్గంలో వస్తుంది. అసలు మందం 49 ఉన్న చోట 50 అని రాసుకుంటే ఆ ఒక్క మిల్లీమీటరుకే ఫలితం 4 శాతం తప్పుతుంది. విరిగిన చోటే వెర్నియర్ పెట్టి కొలవండి. రాతికి పొరల దిశ ఉంటే బ్లాకు మీద ఉన్నప్పుడే సమాంతర గీతలతో గుర్తు పెట్టించండి. కోసిన తర్వాత ఆ దిశ కనిపెట్టడం కష్టం.

మన ఐఎస్ కోడ్‌లకు అలవాటు పడ్డవాళ్లు ఇక్కడ ‘పాస్ మార్కు ఎంత?’ అని వెతుకుతారు. ఈఎన్ 12058లో బలానికి అలాంటి గీత ఉండదు. మీరు విలువ ప్రకటిస్తారు. ఆ నేలకు అది సరిపోతుందా లేదా అన్నది అక్కడి డిజైనర్ చూసుకుంటాడు. అందుకే ఏ అంకె ప్రకటిస్తున్నారన్నది ముఖ్యం. సగటుతో పాటు కనీస అంచనా విలువ కూడా ఇవ్వాలి. 10 నమూనాల ఫలితాల సహజ లాగరిథమ్‌లు (ln) తీసుకుని, వాటి సగటు నుంచి ప్రామాణిక విచలనానికి 2.10 రెట్లు తీసేసి, తిరిగి మామూలు అంకెలోకి మార్చాలి. ఉదాహరణకు రెండు లాట్లకూ లాగ్ సగటు ప్రకారం 14 వచ్చిందనుకుందాం. ఒకదాని లాగ్ విచలనం 0.11 అయితే కనీస విలువ 11.1. రెండోదానిది 0.20 అయితే 9.2 మాత్రమే. సగటు ఒక్కటే చూసి రెండూ ఒకే రాయి అని పంపితే రెండో లాట్‌లో బలహీనమైన పలకలు ఎక్కువ వెళ్తాయి. క్వారీలో బెంచీ (రాయి తీసే మెట్టు) మారినప్పుడు మళ్లీ పరీక్ష చేయించమనేది అందుకే.

మందం విషయం ఇంతకన్నా మెలికైనది. ఈఎన్ 12058లో 20 మి.మీ. పలకలకు మందంలో 10 శాతం అటూ ఇటూ ఒప్పుకుంటారు. 20 అన్నది 18 వచ్చినా తిరస్కరించరు. కానీ 18ని 20తో భాగించి వర్గం చేస్తే 0.81. అంటే కొలత పరిమితిలోనే ఉన్నా పలక మోసే లోడ్ 19 శాతం తగ్గింది. కటింగ్ బ్లేడ్ అరిగి పలకలు వరుసగా సన్నబడుతుంటే ‘టాలరెన్స్‌లోనే ఉంది’ అని వదిలేయొద్దు. గంటకోసారి నాలుగు మూలల్లో కొలిచి రాయించండి, సగటు 19.5 కిందికి దిగితే మిషన్ ఆపించండి. ఈ 19.5 ప్రమాణంలోది కాదు, ఫ్యాక్టరీ తనకు తాను పెట్టుకోవాల్సిన హద్దు.

మంచు పరీక్షను మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. ఆదిలాబాద్ చలికి కూడా పలక గడ్డకట్టదు కదా అనిపిస్తుంది. కానీ పలక పడుకునేది స్టాక్‌హోమ్‌లోనో వార్సాలోనో. ఈఎన్ 1341 కింద బయట వేసే పలకలకు ఈఎన్ 12371 ప్రకారం 56 సార్లు గడ్డకట్టించి కరిగించి, ఆ తర్వాత బలం ఎంత తగ్గిందో చూస్తారు. దీనికి వారాలు పడుతుంది, ఆర్డర్ ఒప్పుకునే రోజే తేదీ లెక్కేసుకోండి.

నిప్పు విషయంలో ఒక సౌకర్యం ఉంది. సహజ రాయిని పరీక్ష లేకుండానే ఏ1 (మంటకు తోడ్పడని) తరగతిగా చెప్పొచ్చు. కానీ పగుళ్లు పూడ్చడానికి ఎపాక్సీ పట్టించినా, వెనక ఫైబర్ మెష్ అంటించినా ఆగి ఆలోచించాలి. సేంద్రియ పదార్థం బరువులో గానీ ఘనపరిమాణంలో గానీ 1 శాతం దాటితే ఆ సౌకర్యం పోతుంది. లేయర్‌గా అంటించే జిగురుకు హద్దు ఇంకా తక్కువ. వాడిన రెజిన్‌ను చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని తూచి రాసి ఉంచండి.

పేరు కూడా నియమం ప్రకారమే రాయాలి. ఈఎన్ 12440 వాడుక పేరు, శిలాజాతి, రంగు, పుట్టిన చోటు అడుగుతుంది. బజారులో నల్ల గ్రానైట్ అని అమ్మేది చాలాసార్లు డోలరైట్ అనే వేరే రాయి. ఈఎన్ 12407 ప్రకారం సూక్ష్మదర్శిని పరీక్షలో అది బయటపడుతుంది కాబట్టి ముందే సరైన పేరు రాయడం మేలు.

ఏ1 సౌకర్యం వర్తించే మామూలు గ్రానైట్ పలకలకు, సీఈ మార్కుకు ఉన్న తనిఖీ పద్ధతుల్లో నాలుగోది (సిస్టమ్ 4) సరిపోతుంది. అంటే బయటి సంస్థ సర్టిఫికెట్ అక్కర్లేదు, పరీక్షలు, ఫ్యాక్టరీ తనిఖీలు, డిక్లరేషన్ మొత్తం తయారీదారు బాధ్యతే. ఇది సులువుగా కనిపిస్తుంది గానీ తప్పు జరిగితే బాధ్యత పంచుకునేవాడు ఉండడు. దిగుమతిదారు తన పేరుతో అమ్మితే చట్టం ముందు తయారీదారు అతనే అవుతాడు. అప్పుడు ఈ కాగితాలన్నీ మిమ్మల్నే అడుగుతాడు. డిక్లరేషన్, దాని వెనక లెక్కలు 10 ఏళ్లు భద్రపరచాలి.

చివరగా రిఫరెన్స్ నమూనాలు. ఒక్కోటి కనీసం 0.01 చదరపు మీటరు ఉండాలి, మామూలుగా 0.25 వరకు ఉంటాయి. అందమైన ముక్కలే ఏరొద్దు. గీత, మచ్చ, పూడ్చిన రంధ్రం ఉన్నవి కూడా కలపండి. నమూనాలో కనిపించిన సహజ లక్షణాన్ని తర్వాత లోపమని తిప్పి పంపడం బయ్యర్‌కు కష్టం. వెనకవైపు లాట్ నంబరు, తేదీ రాసి, ఇద్దరూ సంతకం పెట్టి, ఒక సెట్టు కోత మొదలయ్యేలోపు బయ్యర్‌కు చేరాలి, రెండోది ఫ్యాక్టరీలో ఎండ తగలని బీరువాలో ఉండాలి.