బయాలజీ వాళ్ళకి స్టాటిస్టిక్స్ – 3వ పాఠం: 29 గింజల లెక్క

పోయిన పాఠం చివర ఒకే మామిడి చెట్టు ఆకులు 20 కోసి పొడవు కొలవమన్నాను. కొలిచిన వాళ్ళకి ఈపాటికి తెలిసే ఉంటుంది, ఒకే చెట్టు ఆకులైనా ఏ రెండూ ఒకలా ఉండవు. ఇవాళ కొలవడం లేదు, లెక్కపెట్టడమే. కాగితం, పెన్ను, ఫోన్లో కాలిక్యులేటర్ చాలు. మ్యాథ్స్ అంటే భయపడి బైపీసీ తీసుకున్నవాళ్ళు కూడా టెన్షన్ పడక్కర్లేదు, కూడికలు, తీసివేతలు, గుణకారాలు, భాగహారాలు తప్ప ఇందులో ఇంకేం లేదు.

బఠాణీ మొక్కలతో వంశపారంపర్య సూత్రాలు కనిపెట్టిన మెండెల్ 3:1 నిష్పత్తి (సంకర మొక్కల సంతానంలో ఒక లక్షణం మూడు వంతులు, రెండోది ఒక వంతు) అందరికీ కంఠతా వచ్చు. ఆయన 1866లో అచ్చు వేయించిన అసలు అంకెలు చూసినవాళ్ళు మాత్రం తక్కువ. 253 బఠాణీ మొక్కల నుంచి 7,324 గింజలు వచ్చాయి: గుండ్రనివి 5,474, ముడతలవి 1,850. అంటే 2.96కి 1. ఇంతవరకు మన పుస్తకాల్లోనూ ఉంటుంది. విడివిడిగా ఒక్కో మొక్కకి ఏమొచ్చిందో చూస్తే కథ వేరు. ఒక మొక్కకి గుండ్రనివి 19, ముడతలవి 10. ఇంకోదానికి 14, 15, అంటే ముడతలవే ఎక్కువ! మరోదానికి 43 గుండ్రనివైతే ముడతలవి రెండే రెండు. ఇవేవీ ఆయన దాచలేదు, ఉన్నవి ఉన్నట్టు రాశారు. నాకు మెండెల్ మీద గౌరవం పెరిగింది ఇక్కడే.

ఎందుకంటే డిగ్రీలో మా జెనెటిక్స్ ప్రాక్టికల్ ఇలా జరగలేదు. రెండు రంగుల పూసలు ఇచ్చి, జతలు జతలుగా 40 సార్లు తీయమన్నారు. ఒక రంగు పూస కనీసం ఒక్కటైనా ఉన్న జతలు నాకు 25, అసలు లేనివి 15 వచ్చాయి. "తప్పొచ్చింది, 30, 10 అని రాసుకో" అన్నారు, రాసేశాను. అది తప్పు కాదని ఎలా చెప్పాలో ఆ రోజు నాకు తెలియదు. మీకు తెలియాలనే ఈ పాఠం.

పద్ధతి ఇది, పేరు కై స్క్వేర్. 3:1 నిజమైతే ఎన్ని రావాలో ముందు రాసుకోండి. 40లో అయితే 30, 10. వచ్చినదానికీ రావాల్సినదానికీ తేడా 5, దాని వర్గం 25. దాన్ని రావాల్సిన సంఖ్యతో భాగించాలి: 25/30 అంటే 0.83, 25/10 అంటే 2.5. రెండూ కలిపితే 3.33. ఇలా రెండే రకాలున్నప్పుడు టేబుల్లో చూడాల్సిన హద్దు 3.84. నిష్పత్తి నిజంగా 3:1 అయినా కేవలం యాదృచ్ఛికంగా ఈ హద్దు దాటడం నూటికి ఐదుసార్లే జరుగుతుంది. నాది దాటలేదు. కాబట్టి నా పూసలు 3:1ని కాదనడం లేదు, రికార్డులో 25, 15 అనే ఉండాల్సింది. (రావాల్సిన సంఖ్య 5 కంటే తక్కువగా ఉన్నచోట ఈ పద్ధతి వాడకండి.)

ఇప్పుడు మెండెల్ మొక్కలు రెండు తీసుకుందాం. 19, 10 వచ్చినదానికీ 14, 15 వచ్చినదానికీ మొత్తం గింజలు 29 చొప్పునే. రెండింటికీ రావాల్సినవి 21.75, 7.25. మొదటిదానికి తేడా 2.75, కై స్క్వేర్ 1.39, ఇబ్బంది లేదు. రెండోదానికి తేడా 7.75, కై స్క్వేర్ 11.05 దాకా పోతుంది, హద్దుకి దాదాపు మూడు రెట్లు. మెండెల్ ఆ ఒక్క మొక్కే పెంచి ఉంటే 3:1 అనే మాటే పుట్టేది కాదు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు, బయాలజీలో ఆ మాట చెల్లదు. పైగా ఈ మొక్క మనకి ఎదురుపడింది కాదు, 253లోంచి వింతగా ఉందని ఏరి తెచ్చింది. 253 మొక్కలకి విడివిడిగా ఇదే లెక్క చేస్తే, అంతా సవ్యంగా ఉన్నా, ఓ డజను 3.84 దాటేస్తాయి. ఏరుకొచ్చిన మొక్కకి మామూలు హద్దు పెట్టకూడదు. థీసిస్‌లో "బాగా వచ్చిన" మూడు ప్లేట్లు మాత్రమే చూపించేవాళ్ళు చేసే పొరపాటు సరిగ్గా ఇదే, దీనికి నాకు నిజంగా బాధేస్తుంది.

స్టాటిస్టిక్స్ మన సబ్జెక్ట్ కాదనేవాళ్ళకి ఒక్క మాట. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు 1946లో కేంబ్రిడ్జ్ వెళ్ళింది, సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వితీసిన పాతకాలపు మనుషుల ఎముకల కొలతల మీద పనిచేయడానికి. అక్కడ ఆయన గైడ్ ఫిషర్, స్టాటిస్టిక్స్‌తో పాటు జన్యుశాస్త్రంలోనూ పెద్ద పేరున్న మనిషి.

ఈ వారం పని: మెండెల్‌వే ఇంకొన్ని అంకెలు, పసుపు గింజలు 6,022, ఆకుపచ్చవి 2,001. కై స్క్వేర్ కట్టండి. జవాబు 0.015 దగ్గర రావాలి. చాలా చిన్నది కదా? ఈ ఒక్కదానివల్ల ఏమీ తేలదు గానీ, మెండెల్ ప్రయోగాలన్నీ కలిపి చూసిన ఫిషర్ 1936లో, ఇంత బాగా కుదరడమే అనుమానంగా ఉందన్నారు. వచ్చే పాఠం అక్కడి నుంచి మొదలుపెడదాం.