రంది (మనసులో దిగులు) రెండు వారాలు దాటితే ఏం చేయాలి?

పాలమూరు, నల్లగొండ వైపు "నాకు డిప్రెషన్ వచ్చింది" అనేవాళ్లు తక్కువ. "పానం మంచిగ లేదు", "తిండి సయిస్తలేదు", "ఒళ్లంతా గుంజుతోంది" అంటారు. ఇంట్లోవాళ్లు "ఏదో రంది పెట్టుకుంది" అని ఊరుకుంటారు. మా పెద్దమ్మ ఆరు నెలలు తలనొప్పి గోళీలు మింగింది. ఆ ఏడు బతుకమ్మ పేర్చలేదు. అందరం చూశాం, ఎవరమూ ఎందుకని అడగలేదు. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

ముందు రోజులు లెక్కపెట్టండి. పత్తి పోయినా, అప్పు మీదపడినా, ఇంట్లో మనిషి పోయినా ఏడుపు రావడం సహజం. మామూలు దుఃఖం వచ్చిపోతూ ఉంటుంది, మధ్యలో ఓ నవ్వూ వస్తుంది. అలా కాకుండా దిగులుగానీ, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోవడంగానీ దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలు ఉందంటే డిప్రెషన్ జబ్బేమోనని చూపించుకోవాలి. తెల్లవారుజామునే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం, ఏ పనీ చేయకుండానే అలసట, చిన్న లెక్క కూడా తేలకపోవడం, "నా వల్లే అందరికీ కష్టం" అనిపించడం కూడా గుర్తులే. మగవాళ్లలో చాలాసార్లు కోపంగా, తాగుడుగా బయటపడుతుంది.

తర్వాత ఒక్కరికి చెప్పండి. పుణెకో ముంబైకో వలస పోయినవాళ్లయితే ఫోన్లోనైనా సరే. వినేవాళ్లు "నీకేం తక్కువ?" అనకండి. "ఎన్ని రోజుల సంది ఇట్లుంది?" అని అడిగి, చెప్పనివ్వండి. "చావాలనిపిస్తోందా?" అని కూడా అడగొచ్చు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, పురుగుల మందు ఇంట్లోంచి తీసేయండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఇప్పటికే ఏమైనా తాగితే 108కి ఫోన్ చేయండి. పోలీసు కేసవుతుందని దాచొద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టం అలాంటి మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడమంటుంది, శిక్షించమనదు.

ఎక్కడికి పోవాలి? నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీల ఆస్పత్రుల్లో మానసిక వైద్యుల ఓపీ అడగండి. థైరాయిడ్, రక్తహీనత వల్ల కూడా ఇలాంటి నీరసమే వస్తుంది కాబట్టి రక్తపరీక్ష చేయించమంటే చేయించండి. ముందు ఫోన్లో మాట్లాడదాం అనుకుంటే టెలిమానస్ అని మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ ఉంది, నంబరు 14416. 2022లో మొదలైంది, ఉచితం, రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. గాలి సోకిందని చెర్వుగట్టు గుడికో జాన్‌పహాడ్ దర్గాకో పోతామంటే పోండి, మొక్కు ధైర్యం ఇస్తుంది. ఆస్పత్రి మాత్రం మానకండి.

మన జిల్లాల్లో కల్లు గురించి విడిగా చెప్పాలి. కల్తీ కల్లులో అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలుపుతారు. ఏళ్ల తరబడి తాగినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే వణుకు, పిచ్చిమాటలు, ఫిట్స్ రావచ్చు. మానాలి, కానీ డాక్టరుకు చెప్పి మెల్లగా మానాలి.

ఇంట్లో చేయగలిగింది చిన్నదే. రోజూ ఒకే టైముకు లేవండి, పొలం గట్టు మీద అరగంట నడవండి, రోజుకు ఒక్క పని పెట్టుకోండి. మనసు కుదిరాక చేద్దామంటే కుదరదు. పని మొదలుపెడితే మనసు మెల్లగా వెనకొస్తుంది.

మందులు రాస్తే ఓపిక కావాలి. గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. మొదట్లో కడుపులో వికారం ఉండొచ్చు. పెద్దమ్మ పదో రోజునే "ఇవి పనిచేస్తలేవు" అని పక్కన పెట్టబోయింది. కూర్చోబెట్టి నచ్చజెప్పాం. నెల దాటాక ఒకరోజు పొద్దున తనే చాయ్ పెట్టుకుంది. బాగైందని మధ్యలో ఆపకండి, ఆపడం డాక్టరు చెప్పాలి. గోళీలు అయిపోయేలోపే మళ్లీ ఎప్పుడు రావాలో చీటీ మీద తేదీ రాయించుకోండి, తోడుగా ఎవరొస్తారో అప్పుడే మాట్లాడుకోండి.